గోడకు పట్టిన చెమట

మా జసింతకు చెమట పట్టదని ఆరేళ్ళు నిండేదాకా నేను గమనించలేదు. కన్నతల్లిని. అది చాలదన్నట్టు, పన్నెండేళ్ళుగా చెమట మీదే పనిచేస్తున్న మనిషిని. దీపం కిందే చీకటి అంటారు. నా విషయంలో ఆ దీపం కూడా నేనే పట్టుకుని తిరిగాను.

పసిగట్టింది మా అత్త ఇన్నమ్మ. జూన్ నెల, బడులు తెరిచిన రెండో రోజు. మృగశిర కార్తె వచ్చినా పల్నాడులో చినుకు లేదు. మా తెల్లరాళ్ళపాడులో ఆ ఉదయం పదింటికే నలభై మూడు డిగ్రీలు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలను ప్రార్థనకు వరసగా నిలబెట్టారట. పావుగంటలో నలుగురు పడిపోయారు. అందులో మా జసింత ఒకతె. బడి ఆయా దాన్ని భుజాన వేసుకుని పరుగున తెచ్చి మా వరండాలో పడుకోబెట్టింది.

ఒళ్ళు పెనంలా కాలుతోంది. మొహమంతా కందిపోయింది. నేను నీళ్ళబిందె కోసం పరిగెత్తాను. మా అత్త పిల్ల మెడా, చంకలూ, వీపూ చెంగుతో తుడిచి, ఆ చెంగును వేళ్ళతో నలిపి చూసుకుంది.

"ఏందమ్మే ఇది, చెంగు తడవలా," అంది. "ఇంత ఎండలో పడి వచ్చిన పిల్లకి చుక్క చెమట లేదేంది?"

"జ్వరం గదత్తా."

"జ్వరమైతే మాత్రం? నీ మొగుడు జోజిగాడి చిన్నప్పుడు వాడి చొక్కాలు పిండి ఆరేసేదాన్ని. దీని గౌను ఎన్నడన్నా తడిసిందా? నువ్వెన్నడన్నా పిండినావా?"

పిండలేదు. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. తడిగుడ్డలు చుట్టి పిల్లను లోపలి గదిలోకి తీసుకుపోయాం. మా ఇంటి గదులు ఇరవై ఆరు డిగ్రీలు దాటవు. అరగంటలో లేచి కూర్చుని మామిడితాండ్ర అడిగింది. నేను ఊపిరి పీల్చుకుని, బడివాళ్ళను నాలుగు తిట్లు తిట్టుకున్నాను. సాయంత్రం మా ఆయన జోజిరెడ్డి వచ్చి, పడిపోయిన మిగతా ముగ్గురి పేర్లూ చెప్పాడు. ముగ్గురూ చల్లనింట్లో పెరిగిన పిల్లలే. మా అత్త నా వంక చూసింది. ఆ చూపు మాత్రం సూటిగా తగిలింది.

చల్లనిల్లంటే ఏమిటో చెప్పాలి. అది చెప్పాలంటే మరియదాసు సంగతి చెప్పాలి.

మరియదాసు నా మొదటి బిడ్డ. ఏప్రిల్ చివర్లో పుట్టాడు. ఆ ఏడు రోహిణి కార్తెలో రోళ్ళు పగలడం సామెత కాదు, కళ్ళారా చూశాం. కరెంటు మూడు రోజులు లేదు. మా స్లాబు ఇల్లు పగలు కాగి, రాత్రంతా ఆ వేడిని మా మీద కక్కేది. నలభయ్యో రోజున వాడు పాలు తాగడం మానేశాడు. మర్నాటికి లేడు. ఊళ్ళో ఆ నెలలో తొమ్మిది మంది పసివాళ్ళు అలాగే పోయారు.

తొమ్మిది మంది తల్లులం మేరీమాత స్వరూపం ముందు మోకరించాం. ఇక ముందు ఈ ఊళ్ళో పుట్టే బిడ్డకు మూడేళ్ళు నిండేదాకా వేడి తగలనివ్వం, మూడేళ్ళు నిండాక తిరునాళ్ళలో తలనీలాలు ఇచ్చి అప్పుడు బయట తిప్పుతాం అని మొక్కుకున్నాం. ఆ మాట మొదట పలికింది నేనే. ఊరంతా దాన్ని తలకెత్తుకుంది. పల్నాడులో వేడి తగలకుండా బిడ్డను పెంచడం అంటే గోదాట్లో తడవకుండా ఈదడం. ఎవరి వల్లా కాలేదు. ఏటేటా మొక్కు తప్పినందుకు కొవ్వొత్తులు వెలిగించి లెంపలు వేసుకునేవారు.

నేను కొవ్వొత్తులతో సరిపెట్టుకోలేకపోయాను. గుంటూరులో రసాయన శాస్త్రం చదివినదాన్ని. మాది సున్నపు బట్టీల కుటుంబం. బట్టీ పక్కన రేకుల షెడ్డులో నాలుగు బల్లలు వేసుకుని ప్రయోగశాల అన్నాను. పూర్వం గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపేవారు. అవి పులిసేటప్పుడు సున్నంలో సన్నని దారులు పడతాయి. ఆ పులుపులో బతికే సూక్ష్మజీవి ఒకటి దొరికితే, దానిచేత నాకు కావలసినట్టు దారులు వేయించవచ్చనుకున్నాను. సున్నం ఘాటుకు చావని జీవి కోసం నాలుగేళ్ళు వెతికి, చివరికి మా బట్టీ బూడిదగుంటలోనే పట్టాను. సున్నం గట్టిపడేలోగా అది వెంట్రుకకంటే సన్నని గొట్టాలు అల్లి చచ్చిపోతుంది. గొట్టం మూతి దగ్గర అది వదిలిన జిగురు పొర వేడికి విచ్చుకుంటుంది, చల్లబడితే ముడుచుకుంటుంది.

జోజిరెడ్డి ఆ సున్నంతో బట్టీ వాకిట్లో ఒక గది కట్టాడు. గోడ అడుగున తొట్టి కట్టి నాలుగు బిందెల నీళ్ళు పోశాం. ఎండ ముదిరేకొద్దీ గోడ బయటి మొహానికి చెమట పట్టింది. ఆ చెమట ఆరేకొద్దీ లోపల చల్లబడింది. నేలలో పాతిన మట్టిగొట్టాల్లోంచి గాలి లోపలికొచ్చి, కప్పు మీది పొడుగాటి గూట్లోంచి పోయేది. ఫ్యాను లేదు, కరెంటు లేదు. బయట నలభై ఏడు, లోపల ఇరవై ఆరు. మా అత్త చూసిపోదామని వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, అలాగే గురకపెట్టి నిద్రపోయింది. నా చదువుకు అంతకంటే పెద్ద పట్టా ఎవరూ ఇవ్వలేదు.

ఊరు ఊరంతా చేయి వేసి పెద్ద చల్లనిల్లు కట్టుకుంది. బాలింతలకు, మూడేళ్ళలోపు పిల్లలకు. ఎండాకాలం నాలుగు నెలలూ తల్లీపిల్లల కాపురం అక్కడే. మిగతా నెలల్లో పగలంతా అక్కడే. ఏడేళ్ళలో ఊళ్ళో ఒక్క పసిప్రాణం వడదెబ్బకు పోలేదు. మొక్కు మొదటిసారి నిజంగా తీరింది. మా ఇంటికి కూడా అదే సున్నం పూశాం. జసింత ఆ గోడల మధ్యే పుట్టింది, తమ్ముడు అంతోని ఆ గోడల మధ్యే పుట్టాడు. మూడేళ్ళు దాటాక జసింత బయటికి వెళ్ళకపోలేదు. చలికాలం ఆడేది, ఎండలు రాగానే "వేడి, వేడి" అంటూ లోపలికి పరిగెత్తేది. "మాది సుకుమారి" అని నేను చుట్టాలతో మురిపెంగా చెప్పుకునేదాన్ని. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

బడిలో పడిపోయిన మూడో రోజు దాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్ళాను. గోడకు చెమట సమంగా పడుతోందో లేదో చూడడానికి నాకొక పద్ధతి ఉంది. అయొడిన్ పూసి, ఆరాక గంజిపొడి చల్లుతాను. తడి తగిలిన చోటల్లా నల్లచుక్క లేస్తుంది. ఆ సీసా, ఆ పొడి బయటికి తీశాను. మా ఇద్దరి ముంజేతులకూ పూశాను. రేకుల షెడ్డు మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పక్కనే తడి దుప్పటి పెట్టుకున్నాను.

"ఏం ఆటమ్మా ఇది?" అంది జసింత.

"ఎవరి చేతికి ముందు చుక్కలొస్తాయో చూద్దాం."

రెండు నిమిషాలకే నా చేయి మీద చీమలు బారు కట్టినట్టు నల్లచుక్కలు లేచాయి. అది నా చేయి పట్టుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టి, లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. దాని చేయి పసుపుపచ్చగా, శుభ్రంగా, అలాగే ఉంది. అరచేతిలో మాత్రం నాలుగైదు చుక్కలు.

"నువ్వే గెల్చినావు," అంది. "నాకెప్పుడొస్తయ్యి?"

దాని చెంపలు ఎర్రబడుతున్నాయి. తడి దుప్పటి చుట్టి ఎత్తుకుని ఇంటికి నడిచాను. దారి పొడుగునా అదే అడిగింది.

గుంటూరులో ఒక పెద్ద చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. కారు అద్దాలు బిగించి, పిల్లకు తడిచొక్కా తొడిగి, తెల్లవారకముందే బయలుదేరాం. కారు దిగి ఆసుపత్రి గుమ్మం ఎక్కడానికి ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులూ జోజిరెడ్డి దాన్ని ఎత్తుకుని పరిగెత్తాడు.

డాక్టరమ్మ సాయంత్రం దాకా పరీక్షలు చేసింది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"చెమట గ్రంథులు పుట్టుకతో అందరికీ ఉంటయ్యమ్మా. వాటిలో ఎన్ని పనిచెయ్యాలనేది ఒళ్ళు మొదటి రెండు మూడేళ్ళలో తేల్చుకుంటుంది. వేడి తగిలితే మేలుకుంటయ్యి. తగలకపోతే వీటితో పనిలేదనుకుని మూసుకుపోతయ్యి."

"తర్వాత లేపలేమా అండీ?" అన్నాను.

"లేపినవాళ్ళని నేను చూళ్ళేదు. ఇంత పూర్తిగా మూసుకుపోవడం కూడా చూళ్ళేదు. అసలు పిల్లని ఎక్కడ పెంచారమ్మా మీరు?"

జోజిరెడ్డి తల వంచుకున్నాడు. నేను చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మూడేళ్ళలోపు వాళ్ళు ఎంతమంది ఉన్నారు లోపల?" అంది.

ముప్పై ఒక్క మంది. వాళ్ళలో మా అంతోని ఒకడు. వాడికి రెండేళ్ళ నాలుగు నెలలు.

ఊరికి తిరిగొచ్చి, పంటిబిగువున ఒక వారం అబద్ధమాడాను. గజ్జి పరీక్ష అని చెప్పి, చల్లనింట్లో పెరిగి మూడేళ్ళు దాటిన ఇరవై ఏడు మంది పిల్లల చేతులకూ అయొడిన్ పూశాను. ఇరవై నాలుగు చేతులు పసుపుపచ్చగా మిగిలాయి. మూడు చేతులకు చుక్కలొచ్చాయి.

ఆ ముగ్గురి తల్లులూ మిరపతోటల్లో కూలికి పోయేవాళ్ళు. వాళ్ళలో శౌరమ్మ అనే మనిషిని నాలుగేళ్ళ కిందట నేనే చల్లనింట్లో నలుగురి ముందూ దులిపేశాను. బిడ్డను చంకనేసుకుని మార్చి ఎండలో కాయ కోతకు పోయి, మొక్కు తప్పిందని. ఆమె తలవంచుకుని పోయి, కొవ్వొత్తి వెలిగించుకుంది. ఇప్పుడు ఆమె కొడుకు నా ముందు నిలబడి, ముక్కు మీది చెమట మోచేత్తో తుడుచుకుంటున్నాడు. వాణ్ణి చూస్తే నాకు అసూయ పుట్టింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, అసూయే పుట్టింది.

జసింత బయటికి పోవడం మానేసింది. మేమే మాన్పించాం. తడిచొక్కా వేసి పంపితే పది నిమిషాల్లో ఎండి అట్టకట్టేది, ఎండిన క్షణం నుంచి దాని ఒళ్ళు కాగడం మొదలయ్యేది. కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుని, రోడ్డు మీద పోయే పిల్లల్ని పేరుపేరునా పిలిచేది. మొదట్లో వాళ్ళు ఆగి మాట్లాడేవారు. ఎండలో ఎంతసేపని నిలబడతారు? చేతులూపి పోయేవారు. ఇంటికి తాళం లేదు, కాపలా లేదు. అయినా అది జైలే. నేను కట్టించి, సున్నం వేయించి, తొట్టిలో నీళ్ళు పోసి మరీ నడుపుతున్న జైలు.

అంతలో జిల్లా కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. మూడు జిల్లాల కాన్పు ఆసుపత్రులకూ అంగన్‌వాడీలకూ వచ్చే వేసవిలోగా మా సున్నం పూయిస్తారట. దాన్ని ఆపడం సులువు. జరిగింది జరిగినట్టు నాలుగు పేజీలు రాసి పంపించాను. ఊరికి చెప్పడమే నా వల్ల కాలేదు.

ఆ సంగతి మీద మా ఇద్దరికీ పెద్ద గొడవే అయింది.

"చెప్తే ఏమవుద్దో తెలుసా?" అన్నాడు జోజిరెడ్డి. "గడ్డపారలు పట్టుకొస్తారు. గోడలు పడగొడతారు. ఆ తర్వాత ఈ ఇరవై నాలుగు మందినీ యాడ దాస్తావు? మన పిల్లనే యాడ దాస్తావు?"

"చెప్పకపోతే లోపలున్న ముప్పై ఒక్క మందీ ఇట్టాగే అవుతారు గదయ్యా."

"ముందు మందు కనిపెట్టు. తర్వాత చెబుదువు."

"మందు కనిపెట్టాలంటే నాకు పదేళ్ళు పట్టుద్ది. అంతోనికి ఎనిమిది నెలలే ఉంది. వానలు పడి, చలికాలం పోయి, మళ్ళీ ఎండలు ముదిరేసరికి వాడికి మూడు దాటతయ్యి."

జోజిరెడ్డికి నా మాట అప్పుడు అర్థమైంది. చేతిలో తాపీ కింద పెట్టాడు.

"వాణ్ణి ఎండలోకి తీసుకుపోతానంటావు," అన్నాడు.

"ఊఁ."

"మరియదాసుని మర్చిపోయినావా తెరేజా?"

పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయన నన్ను కొట్టలేదు. ఆ ఒక్క మాటతో కొట్టాడు. నేను వంటింట్లోకి పోయి, కుండ మీద చేయి వేసి నిలబడ్డాను. మర్చిపోవడం నాకు చేతనైతే ఈ గోడలు ఉండేవే కావు. ముందుకు పోతే ఒక బిడ్డను మింగిన ఎండ. వెనక్కి పోతే ఇంకో బిడ్డను మింగిన నీడ. రెంటి మధ్యా నిలబెట్టి దేవుడు నన్నే ఎంచుకోమంటున్నాడు, పోనీ ఆ ఎంపికైనా ఆయనే చేయవచ్చు గదా అని తిట్టుకున్నాను. చిన్నప్పటి నుంచి ఆయన్ని అలా తిట్టడం అదే మొదలు.

మా అత్త వచ్చి నా పక్కన నిలబడింది. అంతా విన్నట్టుంది.

"నిప్పు ఇంటిని కాల్చుద్ది, కూడూ వండుద్ది," అంది. "ఎంత మంట పెట్టాలో తెలియాలంతే. నువ్వు చదువుకున్నదానివి గదా, ఎంతసేపో లెక్క చూసి తీసుకుపో. ఏమన్నా అయితే ఆ పాపం నా నెత్తిన ఎయ్యి, భయపడి మాత్రం కూర్చోమాక."

ఆదివారం పూజ అయ్యాక తల్లులందర్నీ చల్లనింట్లో కూర్చోబెట్టాను. పిల్లలు చాపల మీద పాకుతున్నారు, కొందరు నిద్రపోతున్నారు. గోడల మీంచి చల్లని గాలి కిందికి జారుతోంది. ఆ గదిలో అంత హాయిగా ఉండడం ఆ రోజు నాకు వెగటనిపించింది. వీలైనంత తక్కువ మాటల్లో చెప్పాను. నా చేయి, జసింత చేయి, అయొడిన్, డాక్టరమ్మ చెప్పిన లెక్క. ఇరవై నాలుగు పేర్లూ చదివాను. మొదటి పేరు మా పిల్లదే చదివాను.

వెనకవరసలో ఒక తల్లి లేచి, తన నాలుగేళ్ళ కూతుర్ని దగ్గరికి లాక్కుని దాని మెడ తడిమి చూసింది. పొడిచేతిని చూసుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆమె మొహం నేను చచ్చేదాకా మర్చిపోను.

"మరి మొక్కు?" అంది ఇంకొకామె. "మూడేళ్ళు నిండకముందే తీసుకుపోతే బిడ్డకి కీడు గాదా?"

"మొక్కు మొదట పలికింది నేను," అన్నాను. "తప్పితే వచ్చే కీడేదో నాకే రానియ్యండి."

"నీకు రావడమేందమ్మా? వచ్చిందల్లా మా పిల్లలకి వచ్చింది. నువ్వు నీడన్నావు, నీడలో పెట్టినాం. ఇయ్యాల ఎండంటన్నావు. రేపింకేం అంటావు?"

"అది నాకూ తెలియదు," అన్నాను. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ శౌరమ్మ లోపలికి వచ్చింది. ఆమెకు మూడేళ్ళలోపు బిడ్డా లేదు, ఆ ఇరవై నాలుగు పేర్లలో కొడుకు పేరూ లేదు, ఆమెను ఎవరూ పిలవలేదు.

"నేను చెప్తా," అంది. "నా కొడుకుని మిరపచేలో గోనెపట్టా నీడన పడుకోబెట్టి కాయ కోసేదాన్ని. ఒళ్ళంతా చెమటకాయలు పొక్కినయ్యి. ఏడ్చేవోడు. గంటగంటకీ పాలిచ్చి, తడిగుడ్డ ఏసేదాన్ని. ఒకరోజు కళ్ళు తేలేశాడు, పోయాడనుకున్నా. అది కూడా చెప్తన్నా, దాచిపెట్టను. కానీ ఇయ్యాల వాడు బళ్ళో ఎండలో నిలబడతన్నాడు. తెరేజమ్మక్కా, నువ్వారోజు తిట్టినావు. ఆ తిట్టుకి నేనేమీ అనుకోలా. బిడ్డ పోయిన తల్లివని ఊరుకున్నా."

ముందువరసలో ఒక ముసలమ్మ మనవణ్ణి ఒడిలో బిగించి పట్టుకుని, "ఇన్ని మాటలెందుకు? నీ కొడుకుని ముందు తీసుకుపో. మేం చూస్తాం," అంది.

న్యాయమైన మాట. చాప మీద బొంగరంతో ఆడుకుంటున్న అంతోనిని ఎత్తుకున్నాను. పొద్దున్నే తడిదుప్పటిలో చుట్టి తెచ్చిన జసింత నా చీర పట్టుకుని, "నేనూ రానా అమ్మా?" అంది. "నువ్వొద్దు," అన్నాను. అంత కటువుగా అనాల్సింది కాదు.

గుమ్మంలో జోజిరెడ్డి నిలబడి ఉన్నాడు. అడ్డం వస్తాడనుకున్నాను. ఒక చేతిలో నీళ్ళసీసా, మరో చేతిలో జ్వరం చూసే గొట్టం పట్టుకున్నాడు. పక్కకు తప్పుకుని, నా వెనకే బయటికి వచ్చాడు.

పదకొండు గంటల ఎండ. అంతోని మొదట కళ్ళు మూసుకున్నాడు, తర్వాత నా మెడలో మొహం దాచుకున్నాడు, తర్వాత ఏడుపు లంకించుకున్నాడు. వేపచెట్టు నీడ సగం, ఎండ సగం ఉన్న చోట నిలబడ్డాం. అయిదు నిమిషాలు. వాడి ఒళ్ళు వెచ్చబడుతుంటే నా చేతులకు పన్నెండేళ్ళ కిందటి ఇంకో ఒళ్ళు గుర్తొచ్చింది. పారిపోదామనిపించింది. ఎనిమిది నిమిషాలు. జోజిరెడ్డి వాడి చంకలో గొట్టం పెట్టి చూసి, "చాలు, ఇంక చాలు," అన్నాడు. పది నిమిషాలకు లోపలికి వచ్చాం. వాడి ఒంటి మీద ఒక్క చుక్క లేదు. కిటికీల్లోంచి చూస్తున్న తల్లులు మొహాలు తిప్పుకున్నారు.

రెండో రోజు కూడా మేమే. మూడో రోజు ఎవరో చల్లనింటి నీళ్ళతొట్టి పగలగొట్టారు. జోజిరెడ్డి సున్నం కలిపి పూడ్చాడు. ఎవరు చేశారని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. మధ్యాహ్నం దాకా గోడ ఎండిపోయి ఉంటే, చెమట పట్టని పిల్లలందర్నీ మా ఇంట్లో కుక్కి, తడిదుప్పట్లు కప్పి కూర్చోబెట్టాం. గడ్డపారలు ఎవరూ తేలేదు. బహుశా ఆ పూట ఆ పిల్లల్ని చూశాకే తేలేదు.

నాలుగో రోజు శౌరమ్మ తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది, చెల్లెలి చంకలో తొమ్మిది నెలల బిడ్డ. ఆరో రోజుకు నాతో కలిపి ఏడుగురు తల్లులం, మిగతావాళ్ళు ఇంకా కిటికీల్లోంచే చూస్తున్నారు. శౌరమ్మ చెట్టు కింద గోనెపట్టాలు కట్టించింది, ఎప్పుడు పాలివ్వాలో, ఎప్పుడు లోపలికి పోవాలో చెప్పింది. నేను గడియారం చూసి, రాసుకుంటూ, ఆమె చెప్పినట్టు విన్నాను. రోజుకు ఐదు నిమిషాల చొప్పున పెంచాం. రాత్రిళ్ళు కూడా పిల్లల్ని వేడి తగ్గని పాత స్లాబు ఇళ్ళలోనే పడుకోబెట్టాం, తల్లులు వంతులేసుకుని విసురుతూ కూర్చున్నారు. రెండు కుటుంబాలు మాత్రం పిల్లల్ని తీసుకుని ఊరు వదిలిపోయాయి. ఎక్కడికి పోయారో, ఎండలోకి పోయారో నీడలోకి పోయారో తెలియదు. ఎనిమిదో రోజు శౌరమ్మ చెల్లెలి బిడ్డకు నుదుటి మీద చెమట పుట్టింది. ఆడవాళ్ళందరూ గుమిగూడి, దేవుణ్ణి చూసినట్టు ఆ నుదుటిని చూశారు. మరో ఐదుగురికి మర్నాటికి పట్టింది. ఎండలోకి వచ్చిన ఏడుగురిలో అంతోని ఒక్కడే పొడిగా ఉన్నాడు. అందరిలోకీ పెద్దవాడు వాడే. వాడి దారి అప్పటికే మూసుకుపోయిందేమోనని నాకు అన్నం సహించడం మానేసింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం, పట్టా కింద, అంతోని నా ఒళ్ళో కూర్చుని గులకరాళ్ళు ఏరుకుంటున్నాడు. ఏడుపు మానేసి మూడు రోజులైంది. ఒక రాయి చూపించడానికి మొహం పైకెత్తాడు. పైపెదవి మీద, ముక్కు కింద, ఆవగింజంత తడి. పాలేమోనని తుడిచాను. మళ్ళీ పుట్టింది. జోజిరెడ్డి చూసి దగ్గరికొచ్చాడు, ఆ చుక్కను వేలితో తాకి, నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పగా ఉందని తల ఊపి, అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

వాణ్ణి ఎత్తుకుని ఇంటికి పరిగెత్తాను. అత్తకు చూపించాలి, జసింతకు చూపించాలి. జసింత కిటికీ దగ్గర పీట మీద నుంచి దిగి వచ్చింది. తమ్ముడి నుదుటి మీద అప్పటికి మూడు నాలుగు బొట్లు నిలబడి ఉన్నాయి. వింతగా చూసింది. వేలు పెట్టి ఒక బొట్టు తీసుకుని తన నుదుటికి రాసుకుంది. ఇంకో బొట్టు తీసుకుని ముక్కుకు రాసుకుంది. తృప్తిగా నా వైపు తిరిగింది.

"అమ్మా, నాక్కూడా పట్టింది చూడు," అంది. "ఇంక నేను బయటికి పోవచ్చుగా?"

నా జవాబు కోసం ఆగలేదు. చెప్పులేసుకుని తలుపు దగ్గరికి పరిగెత్తింది. బయట పిల్లలు దాని పేరు పెట్టి పిలుస్తున్నారు. నేను అంతోనిని కింద దించి, దానికంటే ముందు చేరి, తలుపు మూసి గడియ పెట్టాను.